తవుడుకు కొన్న పేరు

"ఒరే తవుడూ! ఓరి తవుడో!"

వీధి ఆ చివర ముసలి పైడమ్మ పెట్టిన కేక ఈ చివరికి వినబడింది. మద్దెల గురువు సన్యాసినాయుడుగారి అరుగు మీద కూర్చున్న శిష్యుడు మాత్రం తల తిప్పలేదు.

"ఎవరో పిలుస్తున్నారు" అన్నారు గురువుగారు.

"నన్ను కాదండి."

అతన్నే. అతనికి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోతే, వీడైనా దక్కాలని తల్లి వీణ్ణి పైడమ్మ చేతిలో పెట్టి, చేటెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుని, తవుడని పేరు పెట్టింది. ఆ పేరే బళ్లోనూ పడింది. మద్దెల చేతికొచ్చి, కచేరీ కరపత్రాల్లో పేరు వేసే రోజు రాగానే అయ్యగారు తేజేశ్వరరావైపోయాడు. దానికేమీ కాగితం రాయించాడనుకునేరు! తవుడని పిలిస్తే మాటల్లేవని వీధంతా తిరిగి చెప్పాడు, అంతే. అయినా మానంది పైడమ్మ ఒక్కతే. పదేళ్లుగా ఆవిడ పిలుస్తూనే ఉంది, అతను పలకడం లేదు.

తల్లీ పోయింది, ఇప్పుడు తండ్రీ పోయాడు. ఇల్లు 'నా కొడుకు తవుడికి' అని రాసిపోయాడు. తవుడూ ఈ రావూ ఒకడేనని పుట్టుక ఎరిగినవాళ్లెవరైనా చెప్పాలట. ఇల్లు తన పేరున మార్పించుకోడానికి ఆఫీసుకు పదకొండుసార్లు తిరిగాడు. విచారణకు గుమాస్తా ఇవాళే వస్తున్నాడు. వీధిలో ఎవర్నడిగినా ఒకటే మాట: "ఆ పేరు మర్చిపొమ్మన్నావుగా నాయనా, మర్చిపోయాం!"

"నేను నేనేనని ఎలా రుజువు చెయ్యను గురువుగారూ? విసుగెత్తిపోయింది!"

గురువుగారు గుమ్మం వైపు తిరిగారు. "గుమాస్తాగారికీ పైడమ్మకీ కూడా ఆకులు వెయ్యండి" అని లోపలికి చెప్పారు. ఒక్కరు కూర్చోకపోయినా ముద్ద ఎత్తని అలవాటు ఆయనది.

ఇద్దరూ వచ్చారు. "ఈయన్ని ఎరుగుదువా?" అన్నాడు గుమాస్తా పైడమ్మతో.

"ఈ రావుగారినా? నానెరగను బావూ. మీరు బస్సు దిగీసినారని మా తవుడికి సెప్పాలని గొంతు సించుకున్నాను. ఆడు పలకనేదు. ఊరెల్లిపోనాడు గావాల."

గుమాస్తా కాగితాలు సంచిలో పెట్టుకోబోయాడు. అన్నం చల్లారిపోతోంది. శిష్యుడు పళ్లు నూరుకున్నాడు, ఇటూ అటూ చూశాడు, ఇక లాభం లేదని లేచి వీధంతా వినేట్టు అరిచాడు.

"పైడత్తా! తవుణ్ణే! పలుకుతున్నాను గదా!"

"ఇప్పుడొదిలిందా సెవుడు, దిక్కుమాలిన గుంటడా!" అంటూ ముసలమ్మ వేలిముద్ర ఎంత గట్టిగా నొక్కిందంటే, సిరా కాగితం అవతలికి దిగింది.

అందరూ ఆకుల ముందు కూర్చున్నారు.

"నా ప్రశ్నకు జవాబు చెప్పనేలేదు మీరు" అని గొణిగాడు శిష్యుడు.

"ఇందాకే వీధి చివర్నించి వచ్చిందిగా" అన్నారు గురువుగారు, మొదటి ముద్ద కలుపుతూ. "ముందు మీ అత్తకి పప్పు వడ్డించు."