కొలువుల సంతలో నీటియంత్రం

వేలవరం రాజు ధరణీవర్మకు ఏ తగువునైనా పోటీ పెట్టి తేల్చడం మహా సరదా. పప్పులో మామిడికాయ మేలా, చింతకాయ మేలా అన్నది కూడా నిండు సభలోనే తేలాలి. ఈసారి పాపం, పిల్లల బతుకు తెరువు పోటీకి వచ్చింది.

శిల్పశాలలో యంత్రవిద్య నేర్చే విద్యార్థులు సొంతంగా ఒక కొలువుల సంత పెట్టారు. చదువు ముగిసిన వాళ్లకు పని దొరకాలి, చుట్టుపక్కల బీద రాజ్యాలు ఒకదానికొకటి చేదోడు కావాలి. అదీ వాళ్ల ఆశ. విద్యార్థుల పెద్ద చంద్రాంబ ఎనిమిది నెలలు ఉత్తరాలు రాసి, మూడు రాజ్యాల దూతలను రప్పించింది.

ఆ మాట వినగానే ఆస్థాన యంత్రాచార్యుడు సర్వజ్ఞభట్టు మూతి ముడిచాడు. ఆయన ఒకప్పుడు సంపన్నమైన రత్నద్వీపంలో పదకొండు రోజులు ఉండి వచ్చాడు. అప్పటినుంచి మజ్జిగ తాగినా "రత్నద్వీపంలో అయితేనా..." అంటూనే తాగుతాడు.

"బీదవాడు బీదవాడికి ఏం నేర్పుతాడు మహారాజా? ఆ సంత మూయించి, పిల్లల్ని రత్నద్వీపం పంపండి. అక్కడ ఓడల్లోకి పెట్టెలు ఎక్కించే పనులు బోలెడున్నాయి!" అన్నాడు.

ఓ పక్క నిలబడ్డ చంద్రాంబ కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి, సభలో ఆసనాలు వేయించే తిప్పనకు ఒళ్లు మండింది. ఒళ్లు మండినప్పుడు చిరునవ్వు నవ్వడం అతని అలవాటు.

"భట్టుగారి మాటే మాట ప్రభూ! మూలపడ్డ మన నీటియంత్రాన్ని రత్నద్వీపం నడిపిస్తుందో, బీద రాజ్యాలు నడిపిస్తాయో, నడిపించిన వాళ్లదే గెలుపు అనండి. రత్నద్వీపం దూతగారు ఎలాగూ ఊళ్లోనే ఉన్నారు. వారికది చిటికెలో పని" అన్నాడు.

భట్టు పొంగిపోయాడు. రాజు తొడ చరిచాడు.

"భేష్! పొద్దుగూకేలోగా ఆ పిల్లలు నీళ్లు రప్పించకపోతే సంత మూత!"

ఆ యంత్రం భట్టు సిఫారసు మీద రత్నద్వీపం నుంచి కొన్నదే. పదిహేడు రోజులు నడిచి ఆగిపోయింది. మూడేళ్లుగా ఆయుధపూజ నాడు దానికి గంధం పూసి, దండ వేసి, గుమ్మడికాయ కొడుతున్నారు. విప్పితే రత్నద్వీపం వాళ్లకు కోపం వస్తుందని భట్టు భయపెట్టడంతో ఒక్కరూ దాని మీద చెయ్యి వెయ్యలేదు.

సభ అంతా యంత్రం దగ్గరికి కదిలింది. పట్టుబట్టల రత్నద్వీపం దూత వచ్చాడు. యంత్రం చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"పాతబడింది. కొత్తది తెప్పించుకోండి" అని తీరిగ్గా కూర్చున్నాడు.

తరువాత బీద రాజ్యాల దూతలు ముగ్గురూ పంచెలు ఎగగట్టి యంత్రంలోకి తొంగిచూశారు.

"అమ్మాయ్, మీకూ పళ్లచక్రమే విరిగిందా? మేమూ ఇదే కొని ఏడ్చాం. తుమ్మచెక్కతో చక్రం చేసుకున్నాం, తిరుగుతోంది" అన్నాడు ఒకడు.

"సందుల్లో దుమ్ము చేరుతుంది. తోలు తొడగండి" అన్నాడు రెండోవాడు.

"ఇరుసుకి ఆముదం పట్టించు తల్లీ. వాళ్ల నూనె మన ఎండకి ఆగదు" అన్నాడు మూడోవాడు.

చంద్రాంబ, ఆమె జట్టు చకచకా చెక్క చెక్కారు, తోలు తొడిగారు. పొద్దు వాలకముందే నీళ్లు బుసబుసా పొంగి భట్టు చెప్పుల్ని తడిపాయి. ముగ్గురు దూతలూ అక్కడికక్కడే పోటీలు పడ్డారు, ఈ పిల్లలకు మేం కొలువిస్తామంటే మేం ఇస్తామని.

భట్టు మాత్రం పట్టు విడవలేదు. "తుమ్మచెక్క అతుకులు ఎన్నాళ్లుంటాయి ప్రభూ? తయారుచేసిన వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి!"

రాజు మనసు మళ్లీ ఊగింది. "అదీ నిజమేనేమో..." అని నసిగాడు. చంద్రాంబ ముఖం వాడిపోయింది.

తిప్పన రత్నద్వీపం దూత ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, తమ దేశంలో ఈ యంత్రం ఆగిపోతే బాగుచేసే పెద్దమనిషి పేరు చెప్పండి. మా పిల్లల్ని ఆయన దగ్గరికే పంపుతాం."

దూత పకపకా నవ్వాడు. "మా దేశంలోనా? మాకు మూడు జీవనదులు! అక్కడ దీన్ని ఎవరు వాడతారయ్యా?"

తిప్పన రాజు వైపు తిరిగాడు.

"విన్నారుగా ప్రభూ! వీరికి దీన్ని అమ్మడం వచ్చు, ఆ ముగ్గురికీ నడపడం వచ్చు. మన పిల్లలు ఏ విద్య నేర్చుకోవాలో భట్టుగారినే సెలవియ్యమనండి."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా గొల్లుమంది. ఇకపై ఏటా కొలువుల సంత రాజసభలోనే జరగాలని ఆజ్ఞ వేసి, రాజు తన చేతి కంకణం తీసి తిప్పనకు తొడిగాడు.