పెడమొగమమ్మ వీపు తిప్పిన కథ

తుమ్మలచెలిమ గ్రామానికి ఎగువన, ఎర్రమట్టి వాలు మీద పెడమొగమమ్మ ఆలయం ఉన్నది. ఊరి వైపు వాకిలి నుంచి వచ్చే భక్తులకు అమ్మవారి వీపు, జడ మాత్రమే దర్శనమిస్తాయి. ముఖం ఎందుకు చూపదని పూజారిని విసిగించేవారు దయచేసి ఈ పుస్తకం చదివి అడగండి. చదివాక అడగబుద్ధి కాదు.

పూర్వం ఇక్కడ అమ్మ ఊరి వైపే చూస్తూ ఉండేది. గుడి లేదు, చేని గట్టున నిలువురాయి, దానిపై కళ్ళు, ముక్కు, వెనుక జడ, అంతే. ఆ చేను ఓబుళమ్మది. భర్త పోయాక మరిది చెన్నప్పతో కలిసి కొర్ర, కంది పండించేది. ఏటా వానకు వాలు మీది మట్టి కొట్టుకుపోయి పంట తగ్గుతూ వచ్చింది. మట్టి పోకుండా, కడుపు మాడకుండా ఎంత నేల దున్నవచ్చునో చెప్పమని ఆమె అమ్మకు మొక్కుకున్నది. అమ్మ కలలో కనిపించి, "నన్నడగొద్దు, నేలనే అడుగు. ఏడు వానకాలాలు చూసి నాకు చెప్పు" అని ఆనతిచ్చింది.

ఓబుళమ్మ చేనును రెండు భాగాలు చేసింది. ఒక భాగమంతా దున్నించింది. రెండో భాగంలో వాలుకు అడ్డంగా మూడేసి పట్టీలు దున్నించి, ప్రతి నాలుగోదాన్నీ గడ్డికి, పొదలకు విడిచింది. రెండింటి దిగువనా కుండలు పాతింది. వాన వెలిశాక కుండలో చేరిన మట్టిని శేరుతో కొలిచేది. పంట వచ్చాక గింజలనూ అదే శేరుతో కొలిచి, ఇంటి గోడ మీద సున్నంతో గీతలు గీసుకునేది. ఊరు నవ్వింది. మట్టిని కొలిచే మనిషిని ఎవరు చూశారు! ఆరేళ్ళకు సంగతి దాదాపు తేలింది. నాలుగో పట్టీ విడిచిన చోట పంట పిసరంత తక్కువ, కానీ కుండలో మట్టి దోసెడు కూడా లేదు. ఇక ఒక్క వానకాలం మిగిలింది.

ఆ వానకాలం ముందు ఆమె కూతురి కాన్పుకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి చెన్నప్ప విడిచిన పట్టీలన్నీ దున్ని, కుండలు పెరికి పారవేసి, చేనంతా విత్తాడు.

"గడ్డికి నేల ఇడిసిపెట్టే రోజులా వదినా ఇవి? తినేదానికి లేక సస్తావుంటే!" అన్నాడు.

"ఇంగొక్క వానకు ఓర్చుకోలేకపోయినావా చెన్నప్పా? ఆరేండ్లు వంగి వంగి కొలిచినదంతా మన్నుపాలు చేస్తివే!" అని ఆమె నెత్తి కొట్టుకున్నది.

ఆ ఏడు పంట విరగపండింది. అది దాచవలసిన పని లేదు. చెన్నప్ప గంపెడు కొర్రలు తెచ్చి అమ్మ ముందు పోయబోతే, రాయి వెనక్కి తిరిగి ఉన్నది. ఎద్దులు కట్టి లాగినా కదలలేదు. అప్పుడైనా బుద్ధి రావాలి కదా, రాలేదు. ఊరంతా చెన్నప్ప దారి పట్టి గట్ల మీది పొదలు కూడా నరికింది. మరుసటి ఏటి వానకు వాలు మొత్తం కరిగి ఏట్లో కలిసింది, అడుగున బండ తేలింది. జనం మూటాముల్లె సర్దుకుని వలస పోయారు.

మిగిలిన కాస్త నేలలో ఓబుళమ్మ మళ్ళీ మొదటి కుండ పాతింది. ఏడు వానలు చూసే ఆయుష్షు ఆమెకు లేకపోయింది. నాలుగో ఏటి మట్టి కొలిచాక కన్నుమూసింది. తక్కిన మూడు వానలు కొలిచినవాడు చెన్నప్ప. ఏడో ఏట ఆ కొలత తెచ్చి రాయికి విన్నవించినప్పుడు, అమ్మ అతని కలలో పలికింది. "నాకు రెండు వాకిళ్ళ గుడి కట్టు. నాలుగో పాలు విడిచిన రైతు వెనుక వాకిట వచ్చి నా మొగం చూడొచ్చు. నువ్వూ, నీ వంశమూ మాత్రం నా వీపే చూడండి."

నేటికీ మృగశిర కార్తెలో ఆలయం దిగువన కుండ పాతి, వానకాలం ముగిశాక మట్టి కొలిచి అందరూ వినేలా చెప్పడం ఆచారం. నాలుగో పాలు విడిచినవారి చేలలో మట్టి నిలుస్తుందని, ఇంట గింజకు లోటుండదని నమ్మకం. పోయిన ఏడు వెనుక వాకిలికి వచ్చినవారు ముగ్గురు. ముందు వాకిట కొబ్బరికాయలు కొట్టినవారు వేలకు వేలు! గట్టు అంచు దాకా దున్నేసి వచ్చి, అమ్మ కరుణించలేదని నా మీద కేకలు వేస్తారు. సిగ్గుండాలి.

ఈ ఆలయ పూజారులం చెన్నప్ప సంతతివారం. ముప్పై ఏళ్ళుగా వీపుకే హారతి ఇస్తున్నాను. నాకు ఆ వాకిలి మూసి ఉన్నది. మీకు తెరిచే ఉంది గదా, రారేం?