ఫిల్టరు తీసిన బండి

హుస్సేనయ్యగారిని ఏదైనా ప్రశ్న అడిగితే ముందు చేతికి స్పానరో స్క్రూడ్రైవరో వచ్చేది. జవాబు ఎప్పుడొస్తుందో, అసలు వచ్చిందో లేదో, అడిగినవాడే తేల్చుకోవాలి. గిద్దలూరులో నలభై ఏళ్లుగా మోటారు సైకిళ్లు బాగుచేస్తున్న మెకానిక్ ఆయన. గురువారం సాయంత్రాలు షెడ్డు ఊడ్చి, చాప పరిచి తత్వాలు పాడేవారు. వినవచ్చినవాళ్లు మెల్లగా శిష్యులయ్యారు. ఉపదేశం కోసం ఆగలేక పగటిపూట వచ్చినవాళ్లు మసి చేతులతో ఇంటికి వెళ్లడం ఊళ్లో అందరూ ఎరిగిందే.

ఆ శిష్యుల్లో పిండిమర ఓబులేసు ఒకడు, యాభై దాటిన మనిషి. ఆ వేసవిలో అతడు కొండమీద ఒక సాధువు కుటీరంలో పదకొండు రోజులు ఉండి వచ్చాడు. అక్కడ కళ్లు మూసుకుంటే చాలు, మనసు కదలకుండా నిలబడేదట. కిందికి దిగిన మర్నాడే కథ మొదటికొచ్చింది. బెల్టు చప్పుడు, వరస కోసం డబ్బాలవాళ్ల తగవులు, మధ్యలో భార్య తిరుపాలమ్మ కేకలు. కొండను తలుచుకుంటూ తలుచుకుంటూ అతడు మిరపకాయలు పట్టిన మరలో, గుప్పెడు బియ్యం వేసి శుభ్రం చేయకుండానే, వీధివాళ్ల రాగులు పోసేశాడు. ఆ పూట వీధిలో సంకటి ముద్ద నోట పెట్టినవాళ్లంతా నీళ్ల బిందెల దగ్గరికి పరుగెత్తారు. తిరుపాలమ్మ అన్న మాటలన్నీ ఇక్కడ రాయదగ్గవి కావు. "మనసు కొండ మీద పెట్టి, ఒళ్లు మాత్రం ఇక్కడికెందుకు తెచ్చినావు?" అన్నది వాటిలో కాస్త మర్యాదైనది. ఓబులేసుకు మనసు విరిగిపోయింది. ముప్పై ఏళ్ల కాపురాన్నీ, మరనూ వదిలేసి సోమవారం కొండెక్కాలని, ఎక్కితే ఇక దిగకూడదని తీర్మానించుకుని సంచి సర్దుకున్నాడు. గురువుగారి అనుమతి ఒక్కటే మిగిలింది.

శనివారం పొద్దున బండి మీద షెడ్డుకు వచ్చాడు. దిగకముందే అడిగేశాడు.

"సామీ, కొండ మీద నిలబడిన మనసు ఇంట్లో ఎందుకు నిలబడదు? నిలబడనీయని ఇల్లు వదిలేస్తే తప్పేంది?"

హుస్సేనయ్యగారు అతడి ముఖం కాక, ఎడతెరిపి లేకుండా యాక్సిలరేటరు తిప్పుతున్న అతడి కుడిచేతిని చూశారు.

"ముందు ఆ చెయ్యి తియ్యి నాయనా."

చెయ్యి తీయగానే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నెల రోజులుగా దాని వరస అంతే. ఎక్కడ ఆగినా పిడి తిప్పుతూనే ఉండాలి, లేకపోతే నలుగురిలో నవ్వులపాలే. "మూడు వీధులు తిరిగి రా. చల్లారిన ఇంజన్ నిజం చెప్పదు," అన్నారు గురువుగారు. తిరిగి వచ్చాక పక్క రేకు విప్పి, గాలిని వడకట్టే ఫిల్టరు బయటికి తీసి, దులిపి, పాత పేపరు మీద పెట్టారు. తర్వాత ఓబులేసు చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చి, పెట్రోలులో గాలిపాలు ఎంతుండాలో నిర్ణయించే చిన్న స్క్రూ చూపించారు. లోపలికి తిప్పితే గాలి తగ్గుతుంది, బయటికి తిప్పితే పెరుగుతుంది. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. ముక్కాలిపీట మీద కూర్చుని టీ తాగసాగారు.

ఓబులేసు పిండిమర నడిపే మనిషి కనుక చెవి మంచిది. స్క్రూ పావు చుట్టు లోపలికి తిప్పాడు, విన్నాడు. మరో పావు తిప్పాడు. ఎగిరెగిరి పడుతున్న చప్పుడు దారికొచ్చింది. ఇంకొంచెం తిప్పేసరికి ఒకే లయలో, జోలపాటంత నున్నగా సాగింది. చెయ్యి తీసి దూరంగా నిలబడ్డాడు. ఆగలేదు! అతడి ముఖం చాటంత అయింది.

"కొండ మీద నా మనసు అచ్చం ఇట్టానే ఉండె సామీ!"

"బాగుంది. ఇంక ఫిల్టరు పెట్టు."

ఓబులేసు ఫిల్టరు పెట్టి రేకు బిగించాడు. బండి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గురగురలాడింది. గుప్పున నల్లటి పొగ వదిలింది, ఆగిపోయింది. కిక్కు కొట్టి కొట్టి కాలు పీకింది. లేచినట్టే లేచి మళ్లీ పడుకుంది. చేతిలోకి వచ్చిన ఆనందం జారిపోయిన కోపమంతా ఫిల్టరు మీదికి మళ్లింది.

"అంతా దీనివల్లే సామీ! దీన్ని పీకి అవతల పారేస్తే పీడ విరగడవుతుంది కదా?"

"పారేయొచ్చు," అన్నారు గురువుగారు తాపీగా. "మన రోడ్ల దుమ్మంతా తిన్నగా ఇంజన్ మింగుద్ది. ఆ తర్వాత ఇక చప్పుడే ఉండదు. ప్రశాంతం."

ఓబులేసు ఆ నల్లటి పొగ పోయిన దిక్కే చూశాడు. ఎవరూ చెప్పకుండానే స్క్రూడ్రైవరు తీసుకుని గొంతుక్కూర్చున్నాడు. ఫిల్టరు ఉన్నచోటే ఉంది, రేకు బిగించే ఉంది. ఇందాక లోపలికి తిప్పిందంతా ఒక్కో పావు చుట్టు బయటికి తిప్పుతూ, వింటూ, మళ్లీ వెనక్కి తిప్పుతూ గంటసేపు తంటాలు పడ్డాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. చివరికి బండి నిలబడింది. ఇందాకటి నునుపు లేదు, నడుమ నడుమ చిన్న తడబాటుంది. అయినా చెయ్యి తీస్తే ఆగలేదు, షెడ్డు ముందు నుంచి లారీ పోతూ దుమ్ము లేపినా ఆగలేదు. ఎందుకో ఓబులేసుకు మొదటిసారి కంటే ఈసారి ఎక్కువ సంతోషం కలిగింది.

అంతలో జేబులో ఫోను మోగింది. తిరుపాలమ్మ గొంతు షెడ్డంతా వినిపించింది.

"ఏడు డబ్బాలు వరసలో ఉన్నాయి. వస్తాండావా, లేకుంటే అటునుంచి అటే కొండెక్కినావా?"

"వస్తాండా," అన్నాడు ఓబులేసు. ఆ మాట తన నోటి నుంచి అంత మెత్తగా రావడం అతడికే వింతగా తోచింది. బండెక్కి, పిడి జోలికి పోకుండా ఒక క్షణం చప్పుడు విన్నాడు.

"సామీ, మరి సోమవారం..." అని మొదలుపెట్టాడు గానీ పూర్తిచేయలేకపోయాడు.

హుస్సేనయ్యగారు పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటూ అన్నారు: "కొండకు పోతే పో నాయనా, ఎవరొద్దన్నారు? స్క్రూ మాత్రం అన్నీ బిగించినాకనే తిప్పు."