మూడోసారి అడిగినప్పుడు

ఆ ఒక్క ముసలాయన నోరు మాత్రం శీలరక్షితుడు మూయించలేకపోయాడు.

కృష్ణ ఒడ్డున వాళ్ల విహారం. వేసవిలో గాదెలోని ధాన్యం ఎవరో దొంగిలించారు. దొంగ దొరికేదాకా విహారాన్ని కాస్త అదుపులో పెట్టమని గురువు ధర్మనంది అతనికి చెప్పాడు. దొంగ తొందరగానే దొరికాడు. అదుపు మాత్రం పోలేదు. ఎవరేమన్నా విన్నవాడు వచ్చి తనతో చెప్పాలన్నాడు శీలరక్షితుడు. చెప్పనివాడూ దొంగతో సమానమే అన్నాడు. వానలు పడేసరికి భిక్షువులు పక్కవాడితో మాట్లాడటం కూడా మానేశారు.

ఒక్క పున్నడు తప్ప. ఆయన వంటశాలలో గంజి కాచే ముసలి భిక్షువు.

"గంజిలో ఉప్పు లేదన్నా నీ చెవిన వెయ్యాలా నాయనా?" అని అందరి ముందూ అడిగేశాడు.

శీలరక్షితుడు గురువు దగ్గరికి వెళ్లాడు.

"భంతే, పున్నణ్ణి పంపించెయ్యాలి."

"ఏరు పొంగుతోంది. ఈ వయసులో ఎక్కడికి పోతాడు?"

"ఒక్కడి కోసం ఇంతమందిని పాడుచేసుకుంటామా? సంఘమంతా నాతోనే ఉంది."

"నీకెట్లా తెలుసు?"

"ఎవరూ కాదనడం లేదు కదా భంతే."

"సరే, సంఘాన్నే అడుగుదాం."

ఆ విహారంలో ఏ తీర్మానమైనా మూడుసార్లు చెప్పి వినిపిస్తారు. కాదనేవాడు లేచి చెప్పాలి. మూడోసారీ ఎవరూ నోరెత్తకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత గురువు కూడా దాన్ని మార్చలేడు.

అందరూ చేరాక ధర్మనంది లేచాడు.

"శీలరక్షితుణ్ణి ఈ పూటే విహారం నుంచి పంపేద్దాం. కాదనేవాళ్లు చెప్పండి."

శీలరక్షితుడు ఉలిక్కిపడ్డాడు. గురువు పొరపాటున తన పేరు చెప్పాడనుకున్నాడు. రెండోసారీ అదే పేరు వినిపించింది.

చుట్టూ చూశాడు. రోజూ కబుర్లు మోసుకొచ్చి అతని చెవిలో ఊదేవాళ్లంతా తలలు వంచుకుని కూర్చున్నారు. బయట వాన చప్పుడు. లోపల ఎవరూ కాదనడం లేదు.

గురువు మూడోసారి చెప్పాడు.

వెనకనుంచి, మోకాళ్లు పట్టుకుని ఒకాయన మెల్లిగా లేచాడు.

"నేనొప్పుకోను" అన్నాడు పున్నడు. "కుర్రాడు చేసిన తప్పేమిటో చెప్పకుండా వెళ్లగొడతారా? అదీ ఈ వానలో!"

ధర్మనంది కూర్చున్నాడు. శిష్యుడి వైపు తిరిగాడు.

"నీ తీర్మానం మిగిలుంది నాయనా. లేచి అడుగు."

శీలరక్షితుడు లేచాడు.  తలవంచుకుని వెనక వరుసలోకి నడిచాడు.

పున్నడు కాస్త జరిగి, తన చాప మీద చోటిచ్చాడు.