లేహ్యం పలికించిన సాక్ష్యం

సరస్వతి ఆకు లేహ్యం నలభై రోజులు తిన్న రాజుగారు ఇక దేన్నీ మరవరని ఆస్థాన వైద్యుడు అనంతభట్టు సభలో చాటాడు. "మరిస్తే నా తల తీయించండి!" అన్నాడు. ఆ ఆకు కోసమే వాగుగట్టంతా కంచె వేయించి, పల్లెకు నీళ్లు లేకుండా చేశాడు.

ఆకులు కోసే గురివి లేచింది. "మహాప్రభో, ఉగాదినాడు మా వాగుకు కంచె ఉండదని మాటిచ్చారు. గుర్తుందా?"

రాజు తెల్లబోయాడు. సభ బిత్తరపోయింది. భట్టు మెడ తడుముకున్నాడు.

"ఇచ్చారు ప్రభూ! నా చెవులారా విన్నాను!" అని అరిచాడు.

"అవునవును, గుర్తుంది!" అని రాజు తలూపాడు. ఆ పూటే కంచె పీకేశారు. భట్టు గురివిని బయట ఆపి, "నిజం చెప్పవే, రాజుగారు ఆ మాట ఎప్పుడన్నారు?" అన్నాడు.

గురివి నోరు నొక్కుకుంది. "అయ్యో, విన్నది మీరు కదయ్యా! ఓ ముద్ద లేహ్యం మింగండి, గుర్తొస్తుంది."