మాణిక్యం తెచ్చిన నీటిమొక్క

అనగనగనగా, గోదారి పక్కన ఒక ఊళ్ళో మాణిక్యం అని ఒకావిడ ఉండేది. ఊఁ కొట్టాలి మరి, బుజ్జీ! ఆవిడ మొగుడు అప్పలకొండ గోదాట్లో లాంచీ నడిపే సరంగు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నీళ్ళమీదే బతికిన మనిషి. అలాంటివాడు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఇంక గోడకేసి తిరిగి పడుకోవడమే. మాటా లేదు, పలుకూ లేదు.

మాణిక్యానికి ఏం చెయ్యాలో తోచలేదు. ఒక గాజుతొట్టి కొని మంచం పక్కన పెట్టి, మూడు ఎర్రచేపల్ని వేసింది. అప్పుడు అప్పలకొండ మొహం ఇటు తిప్పాడు! పొద్దస్తమానం వాటినే చూసేవాడు. ఆ చూపు చాలనుకుంది పిచ్చిది.

ఆ తర్వాత, తొట్టి బోసిగా ఉందని నీటిమొక్క కొనుక్కొచ్చింది. చేపల కొట్టావిడ మూడు పనులు చెప్పింది.

"వేళ్ళకి చుట్టిన దూది తీసెయ్యమ్మా. పటిక నీళ్ళలో కాసేపు ఉంచి, మంచినీళ్ళతో బాగా కడుగు. ఆ తర్వాత చేపల్లేని బేసిన్‌లో విడిగా పెట్టు, కొత్త చిగురు వేసేదాకా. మా తొట్లలో తెగులు ఏదన్నా అంటుకునుంటే, చేపలు దొరక్క అదే చస్తుంది. తొందరపడకు."

మాణిక్యం దూది పీకింది, కుళ్ళిన ఆకులు గిల్లింది. పటిక నీళ్ళలో ముంచితే బుల్లి బుల్లి నత్తలు రాలాయి. తోటకూర కడిగినట్టు కడిగి, బేసిన్‌లో వేసి గుమ్మం దగ్గర పెట్టింది.

అప్పుడు మంచం మీంచి మాట వినబడింది. ఎన్నాళ్ళకి!

"మాణిక్యం, నాచు వాసనొత్తంది. తొట్లో ఏసెయ్యవే, సూత్తాను."

"ఉండవయ్యా, సిగురెయ్యనీ."

మర్నాడు మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఉండమంది. మూడోనాడు అడగలేదు. గోడకేసి తిరిగిపోయాడు.

ఆవిడ మనసు ఆగలేదమ్మా. మొక్క తెచ్చి తొట్టిలో నాటేసింది. చేపలు ఆకుల్లో దూరి ఆడుతుంటే అప్పలకొండ నవ్వాడు. "అచ్చం మా రేవే" అన్నాడు.

ఆ తర్వాత ఒక చేప ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలొచ్చాయి. తర్వాత రెండోదానికి, ఆపైన మూడోదానికి. మాణిక్యం మందు వేసింది, నీళ్ళు మార్చింది, దేవుళ్ళందరికీ మొక్కింది. ఒకటి తేలిపోయింది. ఇంకోటి తేలిపోయింది. ఆఖరిదీ తేలిపోయింది. లేదు బంగారూ, ఒక్కటీ బతకలేదు. అబద్ధం చెప్పి నిన్ను పడుకోబెట్టనా?

అప్పలకొండ మళ్ళీ గోడకేసి తిరిగిపోయాడు. తిట్టినా బాగుండునని ఏడ్చింది మాణిక్యం.

ఆ తర్వాత ఒకరోజు తొట్టి నీళ్ళు పారబొయ్యబోతే, మొక్క మొదట్లో లేత చిగురు కనిపించింది.

"ఇదిగో, సిగురేసిందయ్యా! ఒకపాలి సూడు!"

ఆయన ఇటు తిరగలేదు.

కథ పోయె కంచికి,
కునుకు రావె కంటికి.