పది పుల్లల గూట్లో ఇద్దరూ మేలుకున్నారు

అనగనగా ఒక అడవిలో, ఒక రేగు చెట్టు మీద, పది పుల్లల గూడు ఒకటి ఉండేది. పదకొండో పుల్ల పెట్టే ఓపిక ఏ గువ్వకీ ఉండదు లెండి. ఆ గూట్లో బూదన్న అనే మగ గువ్వ, చుక్కమ్మ అనే ఆడ గువ్వ కాపురం ఉండేవారు. వాళ్లకి కొత్తగా పిల్ల పుట్టింది. ఒంటి మీద ఈక లేదు, కళ్లింకా తెరవలేదు. గొంతు మాత్రం అడవంతా వినిపించేది.

గువ్వల సంగతి మీకు తెలీదు కాబట్టి చెబుతున్నాను, వినండి. వాటికి గొంతులో పాలు ఊరతాయి. అమ్మకీ ఊరతాయి, నాన్నకీ ఊరతాయి. "నా దగ్గర పాలేవీ?" అని తప్పించుకునే వీలు గువ్వ నాన్నలకు లేదు. అందుకే వాటిలో ఒక పద్ధతి ఉంది. రాత్రి గూడు అమ్మది. పగలు గూడు నాన్నది. వంతు లేనివాళ్లు గింజలు తిని రావాలి, లేదంటే పక్క కొమ్మ మీద పడుకోవాలి.

బూదన్నకు ఈ పద్ధతి నచ్చలేదు. చుక్కమ్మంటే అతనికి ప్రాణం. పెళ్లాం మేలుకుని ఉంటే తను గుర్రుపెట్టి నిద్రపోవడమా?

మొదటి రాత్రి పిల్ల ఏడ్చింది. చుక్కమ్మ పాలు పట్టింది. బూదన్న కూడా లేచి వచ్చి గూటి అంచున కూర్చున్నాడు.

"నువ్వెందుకు లేచావు? పడుకోవయ్యా," అంది చుక్కమ్మ.

"నువ్వు మేలుకుంటే నాకు నిద్రెలా పడుతుంది? తోడుంటాను," అన్నాడు బూదన్న.

చుక్కమ్మ కళ్లు చెమర్చాయి. తెల్లారేదాకా ఇద్దరూ పిల్లను చూస్తూ కూర్చున్నారు. పిల్ల నిద్రపోయింది.

పొద్దున బూదన్న వంతు. చుక్కమ్మ గింజలకు వెళ్లాలి. "నా కోసం రాత్రంతా మేలుకున్నావు. నిన్ను ఒక్కణ్ణీ వదిలి ఎలా వెళ్లేది?" అని ఆమె కూడా గూట్లోనే కూర్చుంది. మర్యాద తెలిసిన ఇల్లాలు మరి.

రెండో రాత్రి పిల్ల ఏడవలేదు. అది ఇంకా ఘోరం.

"ఏడవట్లేదేమిటి?" అన్నాడు బూదన్న.

"నిద్రపోతోందేమో," అంది చుక్కమ్మ.

"నిద్రేనంటావా?"

పొట్ట కదులుతోందా అని బూదన్న వంగి చూశాడు. చీకట్లో కనిపించలేదు. ముక్కుతో మెల్లగా పొడిచాడు. పిల్ల ఉలిక్కిపడి లేచి ఆరున్నొక్క రాగం అందుకుంది.

"నిద్రే," అన్నాడు బూదన్న, ఊపిరి పీల్చుకుని.

నవ్వకండర్రా. మీరు పుట్టినప్పుడు మీ నాన్న అద్దం తెచ్చి మీ ముక్కు దగ్గర పెట్టి చూశాడు, కావాలంటే అడగండి.

ఆ చెట్టు తొర్రలోనే రేగమ్మ అనే ముసలి ఉడుత ఉండేది. పద్దెనిమిది మంది పిల్లల్ని పెంచింది. తెల్లారగానే పైకెక్కి వచ్చింది.

"ఏరా బూదన్నా, పిల్ల నిద్రపోయిందో లేదో చూడ్డానికి పిల్లని లేపే తండ్రిని నిన్నే చూశాను!" అంది.

"భయమేసింది అవ్వా."

"భయపడు, తప్పులేదు. మీరిద్దరూ తిండి తిని ఎన్నాళ్లయింది?"

బూదన్న ఆలోచించాడు. గుర్తు రాలేదు. "ఆమె తినకుండా నేనెలా తినను అవ్వా?" అన్నాడు.

రేగమ్మ ముక్కున వేలేసుకుంది. "ఎవరో ఒకరు పడుకోండిరా," అని చెప్పి దిగిపోయింది. ఇద్దరూ బుద్ధిగా తలూపారు. ఎవరూ పడుకోలేదు.

మూడో రాత్రి పిల్ల ఆపకుండా ఏడ్చింది. చుక్కమ్మ నోరు తెరిచింది. గొంతులో పాలు లేవు. బూదన్న నోరు తెరిచాడు. అతని గొంతూ ఎండిపోయింది. తిండీ నిద్రా లేకపోతే పాలెక్కణ్ణుంచి వస్తాయి?

"దిష్టి తగిలిందేమో," అన్నాడు బూదన్న.

తెల్లారింది. "నేను చూసుకుంటాను," అన్నాడు బూదన్న. "నేనూ చూసుకుంటాను," అంది చుక్కమ్మ. అలా చూస్తూ చూస్తూ, కూర్చున్నచోటే ఇద్దరూ ఒకేసారి నిద్రపోయారు.

పిల్లకి ఆకలేసింది. అమ్మ రెక్క కింద నుంచి పాక్కుంటూ గూటి అంచుకు వచ్చింది. పై కొమ్మ మీద కాకి వాలింది.

"బూదన్నా! కాకి!" అని రేగమ్మ కింద నుంచి పెట్టిన కేకకు చెట్టు అదిరింది. బూదన్న కళ్లు తెరిచాడు. పిల్ల సగం గూట్లో ఉంది, సగం గాల్లో ఉంది. కాకి ముక్కు జానెడు దూరంలో ఉంది. బూదన్నకు పై ప్రాణాలు పైనే పోయాయి. రెక్కతో కాకి మొహం మీద ఒక్కటిచ్చాడు. కాకి ఎగిరిపోయింది. చుక్కమ్మ పిల్లను పొట్ట కిందకి లాక్కుంది. రెండు పుల్లలు కింద పడ్డాయి. గూటికిక ఎనిమిదే మిగిలాయి.

బూదన్న భోరుమన్నాడు. "మూడు రాత్రులు కన్ను మూయలేదు అవ్వా! అయినా ఇలా ఎందుకు జరిగింది?"

"అందుకే జరిగింది," అంది రేగమ్మ. "రాత్రి ఇద్దరూ మేలుకున్నారు. పగలు ఇద్దరూ పడుకున్నారు. కాకి వచ్చేది పగలే కదరా నాయనా."

బూదన్న కళ్లు తుడుచుకున్నాడు. ముందు చుక్కమ్మను గింజలకు పంపించాడు. ఆమె వచ్చాక తను వెళ్లి కడుపునిండా తిన్నాడు.

ఆ రాత్రి పిల్ల ఏడ్చింది. పక్క కొమ్మ మీద బూదన్న ఒక కన్ను తెరిచాడు.

"నీ వంతు పొద్దున. కన్ను మూసుకో," అంది చుక్కమ్మ.

మూశాడు. పెళ్లాం ఒక్కతే మేలుకుందని గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. కాకిని కొట్టడం కంటే కన్ను మూసుకోవడమే కష్టమైంది. అయినా తెరవలేదు.

తెల్లారగానే లేచి గూట్లోకి వచ్చాడు. గొంతు నిండా పాలున్నాయి. చుక్కమ్మ పక్క కొమ్మ మీద వాలీ వాలకముందే నిద్రపోయింది. పిల్ల తాగి పడుకుంది. బూదన్న ముక్కు దాని పొట్ట దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. వెనక్కి వచ్చింది.

కింద తొర్రలో రేగమ్మ హాయిగా కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచింది. చప్పుడు లేదేమిటి? ముసలి ప్రాణం ఉండబట్టలేక చెట్టెక్కి వచ్చి గూట్లోకి తొంగి చూసింది.

"నిద్రే అవ్వా," అన్నాడు బూదన్న, గొంతు తగ్గించి.

రేగమ్మ దిగి వెళ్లి పడుకుంది.

నీతి: పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇద్దరూ కలిసి మేలుకోవడం సాయం కాదు, నీ వంతు వచ్చేదాకా నిద్రపోవడమే సాయం.